పంచెకు జేబు ఉండదు

(సహకార శాఖలో పనిచేసి రిటైరైన ఒక ఆడిటర్ తిరుపతిలో కామర్స్ విద్యార్థుల ముందు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవారి ముందు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ అబ్బాయిలూ, ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండి. ముందు కూర్చుంటే ప్రశ్నలడుగుతానని భయమేమో. అడగను. మీరే నన్ను అడుగుదురుగాని, చివర్లో.

నా వెనక బ్యానర్ మీద ‘వృత్తిలో నైతిక విలువలు’ అని రాశారు. అది చదవగానే మీలో సగంమందికి ఆవలింత వచ్చి ఉంటుంది. నాకూ వచ్చింది. నీతి చెప్పడానికి నాకన్నా అర్హులు ఈ ఊళ్ళో వీధికొకరున్నారు. సాయంత్రమైతే ఏదో ఒక మండపంలో ప్రవచనం జరుగుతూనే ఉంటుంది. నేను ముప్పై రెండేళ్ళు సొసైటీల లెక్కలు చూసినవాణ్ణి. పాల సొసైటీలు, రైతులకు అప్పులూ ఎరువులూ ఇచ్చే సింగిల్‌విండోలు, ఉద్యోగుల పొదుపు సంఘాలు. నాకు తెలిసినవి మూటలు, రసీదులు, సంతకాలు. వాటి గురించే చెబుతాను.

ముందే ఇంకో మాట. తిరుపతిలో మైకు పట్టుకుని కల్తీ అనో, అక్రమం అనో అంటే చాలు, అందరి కళ్ళూ కొండవైపు తిరుగుతాయి. లడ్డూ నెయ్యి సంగతి అడుగుతారని నాకు తెలుసు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఐదుగురితో దర్యాప్తు బృందాన్ని వేసింది. తేల్చే పని వాళ్ళకు అప్పజెప్పింది. టీకొట్టు దగ్గర మాట్లాడినట్టు ఇక్కడ మాట్లాడను. నాది చిన్న కథ, అందులో తప్పు చేసినవాళ్ళు ఇద్దరు. ఒకణ్ణి నేనే.

పడమటి మండలాల్లో ఒక సింగిల్‌విండో. పేరొద్దు. నేను సీనియర్ ఇన్‌స్పెక్టర్ అయిన కొత్త. మార్చి లెక్కలు ముగిశాక స్టాకు చూడటానికి వెళ్ళాను. గోడౌను నిండా యూరియా. అప్పట్లో మూట 50 కేజీలు, 45 చేసింది 2018లో. మూటలు ఎలా లెక్కపెడతారో మీకు తెలుసా? ఒక్కొక్కటీ లెక్కపెట్టరు. అడ్డంగా ఎన్ని, లోపలికి ఎన్ని, ఎత్తు ఎన్ని అని చూసి మూడూ గుణిస్తారు. అడ్డం పన్నెండు, లోతు ఎనిమిది, ఎత్తు పది. 960. స్టాకు రిజిస్టరు తీసి చూస్తే అందులోనూ 960. ఒక్క మూట తేడా లేదు.

అసలు అక్కడే నేను ఆగి ఉండాల్సింది. ఎరువుల గోడౌనులో చిరిగిన మూటలుంటాయి, తడిసి గడ్డకట్టినవి ఉంటాయి, రేపు డబ్బు తెస్తానని రైతు తీసుకెళ్ళినవి ఉంటాయి. లెక్క రెండుమూడు మూటలు అటూఇటూగా ఉండటమే సహజం. గీసి గీతపెట్టినట్టు సరిపోయిందంటే ఎవరో కూర్చుని సరిపెట్టి ఉండాలి. ఇది ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు మాత్రం నాకు సంతోషమేసింది, పని తొందరగా అయిపోయిందని.

గోడకు నిచ్చెన చేరేసి ఉంది. ఎక్కి పైనుంచి చూడాలి, అది నా డ్యూటీ. మధ్యాహ్నం ఒంటిగంట, రేకుల షెడ్డు. యూరియా ఘాటుకు కళ్ళు మండుతున్నాయి. చొక్కా వీపుకు అంటుకుపోయింది. సెక్రెటరీ గుమ్మం దగ్గర నిలబడి, “సార్, బువ్వకు టైమయింది. సంగటి చల్లారితే గట్టిపడిపోతాది, రాండి,” అన్నాడు. బయట చింతచెట్టు కిందనుంచి నాటుకోడి పులుసు వాసన. నిచ్చెన వైపు ఒకసారి చూశాను. పులుసు వైపు నడిచాను. తినేసి, చేతులు కడుక్కుని వచ్చి, ‘స్టాకు స్వయముగా తనిఖీ చేసితిని, సరిపోయినది’ అని రాసి సంతకం పెట్టాను.

తొలకరి పడ్డాక రైతులు మూటలు తీసుకెళ్తుంటే సంగతి బయటపడింది. నాలుగు పక్కలా గోడ కట్టినట్టు మూటలు పేర్చి, మధ్యలో బావిలా వదిలేసి, పైన చెక్కలు పరిచి, ఆ చెక్కల మీద మళ్ళీ మూటలు వేశాడు. ముందునుంచి చూస్తే నిండు కట్ట. మొత్తం 240 మూటలు లేవు.

ఇప్పుడు ఆ సెక్రెటరీ ఎలాంటివాడో చెప్పాలి. మీ మనసులో ఈపాటికి ఒక మొహం వచ్చి ఉంటుంది, మన సినిమాల్లో గుమాస్తా విలన్ మొహం. అది చెరిపేయండి. అర్ధరాత్రి రైతు వచ్చి తలుపు కొడితే లేచి గోడౌను తాళం తీసే మనిషి. అక్షరం రాని ముసలోళ్ళకు ఫారాలు తానే నింపిచ్చేవాడు. ఊళ్ళో ఆయన్ని ‘మా సెక్రెటరీ’ అనే పిలిచేవాళ్ళు, పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. ఆయన తన రెండెకరాల్లో బోరు వేశాడు, నీళ్ళు పడలేదు. ఇంకొకటి వేశాడు, పడలేదు. మూడోది కూడా దుమ్మే లేచింది. మన జిల్లాలో బోరు వేసి మునిగిన ఇల్లు లేని ఊరుందా? మీ ఇళ్ళల్లో అడగండి, చెబుతారు.

రెండో బోరప్పుడు యూరియా అమ్మిన డబ్బు వారం ఆలస్యంగా బ్యాంకులో కట్టాడు. ఎవరూ అడగలేదు. మూడో బోరప్పుడు నెల ఆలస్యం. ఆ తర్వాత ఈ మూటల డబ్బు ఆ మూటలకు, ఆ మూటల డబ్బు ఈ మూటలకు. విచారణలో నా ఎదురుగా కూర్చుని, “నేను తినలేదు సార్, రొటేషన్ చేస్తా ఉండా. పంట రాంగానే కట్టేస్తా,” అన్నాడు. ఆ గొంతులో నాటకం లేదు. తాను దొంగతనం చేశానని ఆయనకు నిజంగానే అనిపించలేదు. నాకు భయమేసింది అందుకే.

1950 ప్రాంతంలో అమెరికాలో డొనాల్డ్ క్రెసీ అనే నేరశాస్త్రవేత్త జైళ్ళకు వెళ్ళి, నమ్మి అప్పజెప్పిన డబ్బు వాడేసుకుని శిక్ష పడ్డవాళ్ళతో కూర్చుని మాట్లాడాడు. దారిదోపిడీలు చేసినవాళ్ళు కారు, నౌకర్లమీద నమ్మకంతో యజమానులు డబ్బు చేతికిస్తే మింగినవాళ్ళు. చాలామంది ఏమన్నారంటే, ‘అప్పనుకుని తీసుకున్నాం, తిరిగి పెట్టేద్దామనుకున్నాం’ అని. మా సెక్రెటరీ క్రెసీ పేరు విన్నవాడు కాదు, క్రెసీ మన పడమటి మండలాలు చూసినవాడు కాదు. మాట మాత్రం ఒకటే. మీ ఆడిటింగ్ పుస్తకాల్లో ‘ఫ్రాడ్ ట్రయాంగిల్’ అని ఉండే మోసాల త్రికోణం పుట్టింది ఆ పరిశోధనలోంచే. దాన్ని నేను మూడు మాటల్లో గుర్తుపెట్టుకుంటాను. అక్కర, సందు, సాకు. ఎవరితోనూ చెప్పుకోలేని ఒక అక్కర. ఎవరూ చూడరనిపించే ఒక సందు. తన మనసుకు తాను చెప్పుకునే ఒక సాకు. పరీక్షలో ఇలా రాస్తే మార్కులు వేయరేమో, మీ మాస్టార్లను అడిగి రాయండి.

ఇందులో ‘చెప్పుకోలేని’ అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం. అప్పు అందరికీ ఉంటుంది, అందరూ దొంగలవడం లేదు కదా. మా సెక్రెటరీ ఊరందరికీ అప్పులిచ్చే కుర్చీలో కూర్చున్న మనిషి. తానే అప్పులో మునిగానని ఎవరి గుమ్మం ఎక్కి చెబుతాడు? బావమరిదికి చెప్పినా, బ్యాంకులో చెప్పినా ఏదో ఒక దారి దొరికేదేమో. పరువు అడ్డొచ్చింది. ఆ పరువు కోసమే చివరికి పరువు పోయే పని చేశాడు. ఆఫీసుల్లో మనం లెక్కలు అడుగుతాం, ఫైళ్ళు అడుగుతాం. ‘ఏమైనా ఇబ్బందిలో ఉన్నావా’ అని పక్క సీటువాణ్ణి అడగం.

ఇక సాకు సంగతి. ఇది నాకు బాగా ఇష్టమైన విషయం, కాస్త ఎక్కువ మాట్లాడితే ఓర్చుకోండి. సాకు ఎప్పుడూ మెత్తటి మాటల్లో వస్తుంది. మన భాషలో లంచానికి ఎన్ని పేర్లో చూడండి. చేయి తడపడం, పైఖర్చులు, టీ డబ్బులు. ఇవన్నీ ఒక ఎత్తు, ‘మామూలు’ ఒక్కటీ ఒక ఎత్తు. మామూలు అంటే ఎప్పుడూ ఉండేది, వింత లేనిది. ఎలా ఉన్నావయ్యా అంటే మామూలే అంటాం. ఆ మాటను తెచ్చి నెలనెలా చేతులు మారే డబ్బుకు పెట్టాం. ఎవరు పెట్టారో గానీ గట్టివాడు. ఆ పేరు పడ్డాక తీసుకునేవాడికి సిగ్గుండదు, ఇచ్చేవాడికి కోపముండదు, ఇవ్వననేవాడే ఊళ్ళో వింతమనిషి అవుతాడు.

ఉద్యోగంలో నేనొక అలవాటు చేసుకున్నాను. ఎదుటి మనిషి మెత్తటి మాట వాడినప్పుడు, ఆ మాట తీసేసి దాని స్థానంలో అసలు మాట పెట్టి మనసులో మళ్ళీ చదువుకుంటాను. ‘రొటేషన్ చేస్తున్నా’ అంటే ‘సొసైటీ డబ్బు సొంతానికి వాడుకుంటున్నా’. ‘పాత తేదీ వేశాం’ అంటే ‘ఆ రోజు జరగనిదాన్ని జరిగినట్టు రాశాం’. ‘బిల్లు కొంచెం అడ్జస్ట్ చేశాం’ అంటే ‘కొననిదాన్ని కొన్నామన్నాం’. మీ ఆఫీసులో రేపొకసారి చేసి చూడండి. మొదటి రోజు నవ్వొస్తుంది. రెండో రోజు అంత నవ్వు రాదు.

ఇదంతా పల్లెటూరి సొసైటీ గోల అనుకునేరు. 2009 జనవరి 7న, మీలో చాలామంది ఇంకా బడికి కూడా పోని వయసులో, హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు తన బోర్డుకు ఒక ఉత్తరం రాశాడు. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వ కింద 5,361 కోట్లు చూపిస్తున్నాం, అందులో 5,040 కోట్లు లేనే లేవని. మన గోడౌను లెక్కలోకి మార్చి చూడండి. 960 మూటల కట్టలో 900 మూటలు లేనట్టు! కంపెనీ పేరు మీద వేయాల్సిన జోకులన్నీ అప్పుడే వేసేశారు, నేను కొత్తగా వేయను.

నేను చెప్పదలిచింది, అది ఎలా మొదలైందని ఆయన రాశాడో ఆ సంగతి. అసలు లాభానికీ పుస్తకాల్లో చూపిన లాభానికీ మొదట్లో తేడా కొద్దిగానే ఉండేదట. ఏడాదికేడాది పెరిగి, పూడ్చలేనంత అయిందట. పులి మీద స్వారీ లాంటిది, దానికి ఆహారం కాకుండా ఎలా దిగాలో తెలియలేదన్నాడు. దేశమంతా ఆ పులి మాట పట్టుకుంది. నాకు మాత్రం చదువుతుంటే ఒక చింతచెట్టు, ఒక రేకుల షెడ్డు కనిపించాయి. పంట రాంగానే కట్టేస్తా సార్. వచ్చే క్వార్టరుకు సరిచేద్దాం. రెండిట్లోనూ ఉన్నది ఒకటే ఆశ. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు ఆయనకు ఏడేళ్ళ శిక్ష వేసింది, ఆయన అప్పీలుకు వెళ్ళాడు. ఏ తప్పూ చేయని ఉద్యోగులు 50 వేలకు పైగా, ఆ జనవరి నెలంతా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనని నిద్రలేకుండా గడిపారు. మా దూరపు బంధువుల పిల్లాడు వాళ్ళలో ఒకడు. కుదిరిన పెళ్ళి సంబంధం ఆ వారంలోనే వెనక్కి పోయింది.

బ్యాంకులో డబ్బుందో లేదో బ్యాంకునే నేరుగా అడగాలి, కంపెనీవాళ్ళు తెచ్చిచ్చిన కాగితం చూసి సరిపెట్టుకోకూడదు. ఆడిట్‌లో ఇది అఆలు. నిచ్చెనెక్కి చూడటమూ అఆలే. అందుకే సత్యం లెక్కలు చూసిన ఆడిటర్లను మా వాళ్ళంతా తిట్టిపోస్తుంటే నేను నోరు మెదపలేకపోయాను.

ఎందుకెక్కలేదు నేను? చాలా ఏళ్ళు ఇదే ప్రశ్న. లంచం తీసుకోలేదు. నాటుకోడి పులుసే లంచమంటారా? మా ఆవిడ అదే అంటుంది. (నవ్వులు) నవ్వండి, పర్లేదు. ఆవిడ సగం నిజమే చెబుతోంది. ఇంకో సగం తొందర. ఆ రోజు నేను ఇంకో సొసైటీకి పోవాలి, బస్సు మూడింటికి.

దీని మీద అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో ఒక ప్రయోగం చేశారు. డార్లీ, బ్యాట్సన్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, 1973లో అచ్చువేశారు. పాస్టర్లు కావడానికి చదువుకుంటున్న 40 మంది విద్యార్థుల్ని పిలిచారు. పక్క భవనానికి పోయి చిన్న ప్రసంగం చేయాలన్నారు. కొందరికి ఇచ్చిన అంశమేమిటంటే, దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న మంచివాడి కథ, బైబిల్లోది. పోయే దారిలో ఒకతను గుమ్మం దగ్గర కూలబడి దగ్గుతూ మూలుగుతూ ఉంటాడు. ప్రయోగం చేసేవాళ్ళు పెట్టిన మనిషే. కొందరు విద్యార్థులకు ‘ఇంకా టైముంది, మెల్లగా వెళ్ళు’ అని చెప్పారు, కొందరికి ‘ఇప్పటికే ఆలస్యమైంది, పరుగెత్తు’ అని. టైమున్నవాళ్ళలో 63 శాతం మంది ఆగారు. తొందరలో ఉన్నవాళ్ళలో 10 శాతం. సాయం గురించి చెప్పడానికి పోతున్నామన్నది కూడా పెద్దగా పనిచేయలేదు. గడియారం పనిచేసింది.

ఈ లెక్క మొదటిసారి చదివినప్పుడు నాకు ఓదార్పు కలగలేదు. కోపమొచ్చింది. ఇంత చిన్నదానికా అని. తర్వాత నా ఉద్యోగంలో వెనక్కి తిరిగి చూసుకున్నాను. నేను సిగ్గుపడాల్సిన సంతకాల్లో ముప్పాతిక మార్చి 31 సాయంత్రం పెట్టినవే.

మనిషి మంచితనం మీదే బరువంతా వేస్తే ఇలాగే కూలుతుంది. మరి దేని మీద వేయాలి? మీ ఇళ్ళల్లో ఎవరైనా, మీ నాన్నో మామయ్యో, కొండమీద పరకామణి సేవకు వెళ్ళారా? హుండీ డబ్బు లెక్కపెట్టే సేవ. చేతులెత్తండి... నలుగురైదుగురు ఉన్నారు. ఏం కట్టుకుని వెళ్ళారో అడిగారా? పంచె, బనియను. జేబున్న బట్ట లోపలికి రానివ్వరు. డబ్బులు, ఉంగరాలు, గొలుసులు బయటే పెట్టాలి. పైన కెమెరాలుంటాయి, బయటికొచ్చేటప్పుడు సోదా ఉంటుంది. వెళ్ళేవాళ్ళు ఎవరు? స్వామి మీద భక్తితో సెలవు పెట్టుకుని, సొంత ఖర్చుతో వచ్చినవాళ్ళు. ‘నన్ను దొంగననుకుంటున్నారా’ అని ఒక్కరైనా అలిగి వెనక్కి వచ్చారా? రారు. అందరికీ ఒకటే పంచె కాబట్టి.

అదే మన ఆఫీసులో క్యాష్ దగ్గర ఇద్దరుండాలంటే చాలు, ‘నా మీద నమ్మకం లేదా సార్’ అని మొహం ముడుచుకుంటారు. మా సెక్రెటరీ దగ్గర ఏముండేవో తెలుసా? గోడౌను తాళం ఆయనదే. రసీదు పుస్తకం ఆయనదే. క్యాషు ఆయనదే. బ్యాంకుకు పోయేదీ ఆయనే. నాలుగు చేతుల్లో ఉండాల్సినవి ఒక్క చేతిలో పెట్టి, ‘ఆయన మీద మాకు నమ్మకం’ అంటూ పాలకవర్గం నిద్రపోయింది. మంచివాణ్ణి పట్టుకుని చెడగొట్టాలంటే ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు.

ఇంకొకటి. ఆయన పదకొండేళ్ళలో సెలవు పెట్టలేదు. ఆదర్శ ఉద్యోగి అని సభలో శాలువా కూడా కప్పారు. సెలవు పెడితే ఆ నాలుగు రోజులూ ఇంకొకడు వచ్చి కుర్చీలో కూర్చుంటాడు, కట్ట మీద చెయ్యి వేస్తాడు. రిజర్వుబ్యాంకు 2021లో బ్యాంకులకు ఏమని చెప్పిందంటే, డబ్బుతో ముడిపడ్డ కీలకమైన సీట్లలో ఉన్నవాళ్ళను ఏడాదికి కనీసం 10 పనిదినాలు ఒకే విడతలో, ముందుగా చెప్పకుండా సెలవు మీద పంపాలని. ఉద్యోగి ఆరోగ్యం కోసం అనుకునేరు. కుర్చీ ఆరోగ్యం కోసం.

ఏర్పాట్లుంటే దొంగతనమే ఉండదని నేననను. పరకామణిలోనే, అన్ని కళ్ళ మధ్యనే, 2023లో ఒక దొంగతనం పట్టుబడి ఆ కేసు హైకోర్టుదాకా పోయింది. పంచెతో పాటు పంచె కట్టించేవాడిని చూసే కన్ను కూడా ఉండాలి. కానీ పంచే లేకపోతే ఏమయ్యేదో ఊహించండి.

నా సంగతికొస్తే, నాకు ఛార్జిమెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆపారు. న్యాయమే. ఆ తర్వాత నాకు నేనే ఒక పంచె కుట్టించుకున్నాను... పంచె కుట్టించరు కదూ. (నవ్వులు) సరే, కట్టుకున్నాను. ఏ సొసైటీకి పోయినా ముందు నిచ్చెన, తర్వాతే కుర్చీ. స్టాకు చూడటం పొద్దున తొమ్మిది లోపల. భోజనం మా ఇంటి క్యారియర్. ‘మా ఊళ్ళో మెతుకు ముట్టని ఆఫీసరు’ అని కొందరు నొచ్చుకున్నారు. పెద్దవాళ్ళు ప్రేమగా వడ్డిస్తుంటే వద్దనడం నాకూ కష్టంగానే ఉండేది. కానీ పులుసు వాసనకు నా కాళ్ళు ఎటు నడుస్తాయో నాకు తెలుసు కదా.

ఇప్పటిదాకా ఆఫీసు. ఇంట్లో మనమేం తక్కువ? చిత్తూరు బెల్లం సంగతి చూడండి. గానుగ దగ్గర చెరుకు రసం కాగుతుంటే కొంతమంది అందులో తెల్లపొడి వేస్తారు. హైడ్రోస్ అంటారు, సోడియం హైడ్రోసల్ఫైట్, అద్దకం పనుల్లో వాడే మందు. ముదురు రంగులో రావాల్సిన బెల్లం పసుపు తేలి మెరుస్తూ వస్తుంది. నేనొకసారి ఒక రైతును నిలదీశాను, ఇదేం పనయ్యా అని. ఆయన పెనంలో తెడ్డు తిప్పుతూనే, “నల్లబెల్లం తీసుకుపోతే పాట పాడేవాడే లేడు సార్. మీరు కొంటారా?” అన్నాడు. నేను మాట్లాడలేదు. ఆ ఏడాది సంక్రాంతికి మా ఇంటికి వచ్చింది కూడా మెరిసే బెల్లమే, అంగట్లో వేలు పెట్టి చూపించి తెచ్చింది నేనే. తిలా పాపం తలా పిడికెడు అంటారు. రైతు ఒక పిడికెడు, మండీ ఒక పిడికెడు, దుకాణం ఒక పిడికెడు, నా చేతిసంచిలో ఒక పిడికెడు. పిడికెడే కాబట్టి బరువనిపించదు. పొడి వేయకుండా వండే రైతులు మన జిల్లాలో ఉన్నారు. వాళ్ళ బెల్లం చూడ్డానికి బాగుండదు, అంతే.

లంచం సంగతి గబగబా చెప్పేస్తాను, మీకు పనికొస్తుంది. అవినీతి నిరోధక చట్టం 1988ది, దాన్ని 2018లో సవరించారు. ఇప్పుడు ఇచ్చేవాడిదీ నేరమే, ఏడేళ్ళదాకా శిక్ష పడొచ్చు. అయితే బలవంతం చేస్తే గత్యంతరం లేక ఇచ్చినవాడు ఏడు రోజుల్లోపల పోలీసులకో, దర్యాప్తు సంస్థకో ఫిర్యాదు చేస్తే అతనికి ఆ శిక్ష వర్తించదు. ఏడు రోజులు. ‘చూద్దాంలే’ అనుకుంటూ ఎనిమిదో రోజు దాకా తెచ్చుకోకండి.

ఫిర్యాదు చేయమని చెప్పడం తేలిక. మన కుప్పం పక్కనే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో పెరిగిన కుర్రాడు షణ్ముగం మంజునాథ్. లక్నో ఐఐఎంలో చదివి ఒక ప్రభుత్వ చమురు సంస్థలో సేల్స్ ఆఫీసరుగా చేరాడు. ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖీరీలో కల్తీ అమ్ముతున్న పెట్రోలు బంకును పట్టుకున్నాడు. మళ్ళీ తనిఖీకి వెళ్ళినప్పుడు, 2005 నవంబరు 19న, కాల్చి చంపారు. 27 ఏళ్ళు. హంతకులకు శిక్ష పడింది. లోపలి అక్రమాన్ని బయటపెట్టినవాళ్ళను కాపాడటానికని పార్లమెంటు 2014లో చట్టం చేసింది, అమలు తేదీ చెప్పకుండా ప్రభుత్వం దాన్ని ఏళ్ళకేళ్ళు అలా పెట్టేసింది. అందుకని, బాబూ, మీరంతా రేపట్నుంచి సింహాల్లా గర్జించండని నేను చెప్పను. మీ ఇంట్లోవాళ్ళు నన్ను తిడతారు.

నేను చెప్పేది చిన్న పని. పైవాడు తప్పు పని చేయమన్నప్పుడు ‘చేయను’ అనడం కష్టం. అడగటం అంత కష్టం కాదు. “సార్, దీన్ని ఫైల్లో ఏమని రాయమంటారు?” అని అడగండి. వినయంగా, పెన్ను చేతిలో పట్టుకుని. చాలాసార్లు ఆ ప్రశ్నకే విషయం ఆగిపోతుంది, ఎందుకంటే ఆయన దగ్గర కూడా మెత్తటి మాటే ఉంది, రాసే మాట లేదు. ఆగకపోతే, “సరే సార్, ఒక్క మెసేజ్ పెట్టండి, మర్చిపోతాను” అనండి. ఒక్కరే పోయి అడగొద్దు, ఇంకొకరిని తీసుకెళ్ళండి. ఇద్దరు అడిగితే సందేహం, ఒకడు అడిగితే పొగరు. ఆఫీసుల్లో లెక్క అది.

నా టైమయిపోయిందని నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. నన్ను తొందరపెడితే ఏమవుతుందో ఇందాకే చెప్పాను. (నవ్వులు) ఎవరైనా అడగాలంటే అడగండి. అదిగో, ఆ మూడో వరసలో అమ్మాయి, మైకు ఇవ్వండి.

(ప్రశ్న: సార్, నేను ఆరు నెలలుగా ఒక కంపెనీలో అకౌంట్స్‌లో చేస్తున్నాను. స్టాకు చూసినట్టు పోయిన నెల తేదీతో సంతకం పెట్టమంటున్నారు. నేను చూడలేదు. మా సార్ మంచివారే, బాగా చూసుకుంటారు. నో చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది.)

మా సెక్రెటరీ కూడా మంచివాడేనమ్మా. నువ్వు నో చెప్పొద్దు. గోడౌను ఎక్కడ?

(రేణిగుంట రోడ్డులో సార్.)

దగ్గరే. అయితే, “సార్, చూసొచ్చి పెడతాను” అను. చూడనివ్వకపోతే అప్పుడు నీకే తెలుస్తుంది సంగతి. చూడనిస్తే పో, చూడు, ఎన్ని ఉన్నాయో అన్నే రాయి, చూసిన రోజు తేదీ వెయ్యి. పోయిన నెల తేదీ కావాలంటే, “నేను చూసింది ఇవాళ కదా సార్” అను. అంతకుమించి ఒక్క మాట అనొద్దు.

(కోప్పడితే సార్?)

కోప్పడతాడు. రెండు రోజులు నీతో మాట్లాడకపోవచ్చు. ఆ సాయంత్రం ఇంటికి పోయి మీ అమ్మకో, స్నేహితురాలికో జరిగింది చెప్పు, లోపల పెట్టుకోకు. ఉద్యోగం పోతుందనిపిస్తే నా నంబరు నిర్వాహకుల దగ్గరుంది, ఫోన్ చెయ్యి. ఏం స్టాకమ్మా అది?

(డబ్బాలు సార్. అట్టపెట్టెలు. పేర్చి ఉంటాయి.)

నిచ్చెన ఉందా అక్కడ?

(ఉందనుకుంటా సార్.)

అనుకోవద్దు, ముందే ఫోన్ చేసి కనుక్కో. లేకపోతే తెప్పించమను. పైకెక్కి మధ్యలోవి చూడు, రెండుమూడు పెట్టెలు కదిపి చూడు, బరువుందో లేదో తెలుస్తుంది. పొద్దున్నే పో తల్లీ. భోజనానికి ముందే.